కాశీలో ఆయన వదిలింది

మా నాయనకు గిద్దలూరులో స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. గిన్నెలు అమ్మేవాళ్ళం. పెళ్ళిళ్ళకూ దినాలకూ గుండిగలు, గంగాళాలు బాడుగకు ఇచ్చేవాళ్ళం. ఎవరింట్లో సంబంధం కుదిరినా, ఎవరింట్లో ముసలాయన మంచం పట్టినా కబురు ముందు మా దుకాణానికే వచ్చేది. బాడుగకు పోయిన గుండిగ తిరిగొచ్చేటప్పుడు అడుగున ఇంత మాడు, దాంతోపాటు ఒక కథ మోసుకొచ్చేది. మాడు తోమడానికి మనుషులు వేరే ఉన్నారు. కథను తోమి మెరుగుపెట్టే పని నాది.

వచ్చిన కథను వచ్చినట్టు చెప్పడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. పెళ్ళిలో సాంబారు చాలలేదని ఎవరైనా అంటే, నా నోట పడేసరికి వియ్యంకుడు పంచె ఎగ్గట్టి గంగాళంలోకి దిగి ములక్కాడ ముక్క కోసం తడుముకున్నాడని అయ్యేది. నంద్యాల పోయే ప్యాసింజరు దిగువమెట్టలో ఆగినప్పుడు నల్లమల ఎలుగుబంటి ఒకటి ఎక్కిందనీ, టీసీ టికెట్ అడిగితే చంకలోంచి తేనెపట్టు తీసి ఇచ్చిందనీ, చిల్లర లేక ఆయన సగం పట్టు విరిచి తిరిగి ఇచ్చాడనీ చెప్పాను. అది మా ఊళ్ళో చాలాకాలం నడిచింది. వినేవాళ్ళకు అబద్ధమని తెలుసు, నాకూ తెలుసు. అయినా గ్లాసు కోసం వచ్చినామె బిందె కూడా కొనుక్కొని పోయేది, కథ అయ్యేదాకా నిలబడడానికి ఒక సాకు ఉండాలి కదా.

దుకాణంలో గిన్నెల మీద పేర్లు కొట్టడానికి ఒక కుర్రాడు ఉండేవాడు. బేస్తవారిపేట అవతల మెట్ట ఊరు వాళ్ళది. వాన పడితే సేద్యం, లేకపోతే ఇట్లాంటి పని. మూలన పీట వేసుకొని, కరెంటు మిషను పట్టుకొని, జుయ్యిమని శబ్దం చేస్తూ కొన్నవాళ్ళ పేర్లు చుక్కలు చుక్కలుగా కొట్టేవాడు. నేను కథ మొదలుపెట్టగానే ఆ శబ్దం ఆగిపోయేది. ఒకసారి ఒకామె పళ్ళెం మీద ఆమె పేరు సగం కొట్టి, ఎలుగుబంటి వెనక పడిపోయి, మిగతా సగం పక్కనున్న చెంబు మీద కొట్టాడు. ఆమె దుకాణం ముందు నిలబడి పెట్టిన గొడవకు బజారంతా కదిలొచ్చింది. మా నాయన ఆ కుర్రాణ్ణి పనిలోంచి తీసేస్తానన్నాడు. నేను వద్దన్నాను.

ఆ వద్దనడంలోనే అంతా ఉంది. చెల్లెలికి కనిగిరిలో పెళ్ళయిపోయింది. నాకు వచ్చిన సంబంధాలన్నీ దుకాణం వదిలి రమ్మనేవే. నేను వదలనన్నాను. ఏళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పీట దగ్గరికి పోయి అడిగాను.

"అబ్బీ, నన్ను చేసుకుంటావా?"

"తమాషా చేయొద్దక్కా, చుక్క తప్పుతాంది. గ్లాసు పాడైపోతది."

"తమాషా కాదు. మా నాయనకు కొడుకుల్లేరు. నేను దుకాణం వదిలి యాడికీ పోను. నువ్వే మా ఇంటికి రావాల."

ఆయన మిషను ఆపి, గ్లాసును పైపంచెతో తుడిచి, కిందపెట్టాడు.

"రోజూ కథ చెప్తారా?"

"అదా నీకు కావాల్సింది?"

"ఇంగేం కావాల?" అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు.

మా నాయన తల పట్టుకున్నాడు. "మన కులమోడు కాదు, నీకంటే చిన్నోడు. ఏం చూసినావే వాడిలో?" అన్నాడు. "నోరు మూసుకొని వింటాడు నాయనా," అన్నాను. మా నాయనకు నవ్వొచ్చింది. నవ్వాడు కాబట్టి కాదనలేకపోయాడు. మా పెద్దమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఏందే, మొన్నటిదాకా అక్కా అన్నోడు మొగుడెట్లయితాడు? రేపు పిల్లలు పుడితే నిన్ను అమ్మా అనాల్నా, మేనత్తా అనాల్నా?" అంది. "రెండూ అంటారులే పెద్దమ్మా, పెట్టేదాన్ని బట్టి," అన్నాను. మార్కాపురం చెన్నకేశవస్వామి గుళ్ళో పెళ్ళయింది. పిల్లలు పుట్టలేదు. పెద్దమ్మకు ఆ అనుమానం అట్లాగే ఉండిపోయింది.

మొదట్లో రాజ్యం నాది. ఇల్లరికపు అల్లుడంటే మా వైపు ఎట్లా చూస్తారో చెప్పనక్కర్లేదు. ఇల్లు నాది, దుకాణం నాది, గల్లా దగ్గర కుర్చీ నాది. ఆయన నన్ను మీరు అనేవాడు. వాళ్ళమ్మను చూడడానికి ఊరికి పోవాలన్నా నా ముందు నిలబడి, "పోయి రేపొస్తా, మీరు సరేనంటే," అనేవాడు. నేను కాసేపు ఆలోచించినట్టు నటించి సరేననేదాన్ని. నాకది బాగుండేది.

సాయంత్రం దుకాణం మూశాక కథ. ఆయన గోడకు ఆనుకొని, మోకాళ్ళు దగ్గరికి లాక్కొని వినేవాడు. ఊ కొట్టడం చాలామందికి వచ్చు. ఆయన ఊ కొడుతుంటే మాత్రం లేని మనుషులు కూడా వచ్చి నా కథలో నిలబడేవాళ్ళు. మళ్ళీ ఒక్క మాట మరిచిపోడు. "పోయినసారి ఎలుగుబంటి భుజం మీద తువ్వాలుండె గదా, ఇప్పుడు లేదేంది?" అనేవాడు. "ఉతికి ఆరేసింది," అనేదాన్ని. ఆ జవాబు తీసుకొని రెండు రోజులు తనలో తనే నవ్వుకునేవాడు.

తర్వాత ఒక షరతు పెట్టాడు. కొత్త కథ ఏదైనా ముందు తనకే చెప్పాలి, ఆ తర్వాతే దుకాణంలో. ముద్దుగా ఉంది కదాని ఒప్పుకున్నాను. ఆ తర్వాత బాగున్న కథలు దుకాణంలో చెప్పొద్దన్నాడు. "అది మాత్రం నాకుంచు," అనేవాడు, మిఠాయి దాచిపెట్టమన్నట్టు. ఎప్పుడో తెలియదు, మీరు పోయి నువ్వు వచ్చేసింది.

ఒకరోజు అన్నం వడ్డిస్తుంటే గరిట కాడ మీద నా పేరు కనిపించింది. కుక్కర్ మూత తిప్పితే లోపల నా పేరు. స్పూన్ల మీద, టీ వడగట్టే జాలి అంచు మీద, చివరికి స్నానానికి తోడుకునే చెంబు అడుగున కూడా. తీరిక దొరికినప్పుడల్లా కూర్చొని కొట్టేశాడు. "నా పేరు నాకు తెలుసయ్యా," అన్నాను. "నాకు చూసుకోవాలనిపిస్తది," అన్నాడు. అట్లా చెప్పేవాణ్ణి ఏం చేస్తాం?

చెల్లెలింటికి కనిగిరి పోతే, నేను బస్సు దిగి కాళ్ళు కడుక్కునేలోపే వెనక బస్సులో దిగాడు. చేతిలో నా తలనూనె సీసా. "మరిచిపోయినావు," అన్నాడు. కనిగిరిలో నూనె దొరకదా అని చెల్లెలు పడీపడీ నవ్వింది. ఆ సాయంత్రం చెల్లెలి పిల్లలకు నేనొక కథ చెప్పాను. అది అప్పుడే పుట్టిన కథ. బొగద సొరంగంలోకి రైలు దూరేటప్పుడు పెళ్ళికొడుకుగా ఉన్నవాడు, బయటికొచ్చేసరికి గడ్డం నెరిసి, పక్కన కూర్చున్న మనవణ్ణి చూసి, "నాయనా, ముహూర్తం దాటిపోయిందా?" అని అడుగుతాడు. పిల్లలు గంతులేశారు. గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నాడు. తనకంటే ముందు ఇంకొకరు విన్న మొదటి కథ అది. ఆ పూట అన్నం తినలేదు, మర్నాడు కూడా. బతిమాలి బతిమాలి, ఆ కథకు ఆయనొక్కడికే తెలిసిన కొస ఒకటి కల్పించి చెబితే అప్పుడు ముద్ద ముట్టాడు.

మా నాయన పోయాక కుర్చీ కూడా కదిలింది. "అక్కడ ఎండ కొడుతుంది, లోపల కూర్చో," అన్నాడు. లోపలి గదిలో ఫ్యాను పెట్టించి, మెత్త వేయించాడు. గల్లా దగ్గర తను కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు "అక్క లేదా?" అంటే, "సరుకు తీసుకున్నారు గదా, ఇంగ పోండి," అనేవాడు. ఆడవాళ్ళు రావడం తగ్గింది. నాకు లోటేమీ లేదు. ఆయనే వంట చేసేవాడు, ఆయనే తల దువ్వేవాడు. కానీ బజారులో ఎవరో గట్టిగా నవ్వితే, వాళ్ళు దేనికి నవ్వుతున్నారో తెలియక నా ప్రాణం కొట్టుకునేది. ఒకరోజు అడిగేశాను.

"ఏమయ్యా, నేనూ కాసేపు బయట కూర్చుంటా. నలుగురితో మాట్లాడి ఎన్నాళ్ళయింది?"

"నేను చాలనా నీకు?"

"నువ్వు ఒక్కడివే గదా."

"ఒక్కణ్ణే గదా," అన్నాడు. ఆ మాటకు ఆయన కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నేను మెత్త మీదికి పోయి కూర్చున్నాను.

అట్లా ఉండగా నాకు కడుపులో గడ్డ వచ్చింది. నంద్యాల తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. పైకి తేలడం కష్టమేనని డాక్టరు ఆయనతో అన్నాడట, నాకు తర్వాత తెలిసింది. తెలివి వచ్చేసరికి ఆయన మంచం పక్కన నేల మీద కూర్చొని ఉన్నాడు. గడ్డం పెరిగిపోయి ఉంది. "ఎలుగుబంటివా?" అన్నాను. నవ్వలేదు. నా కాళ్ళు పట్టుకొని చాలాసేపు వదల్లేదు.

నేను లేచి తిరిగాక కాశీ పోవాలన్నాడు. వీధిలోవాళ్ళందరం కలిసి యాత్ర బస్సు మాట్లాడుకున్నాం. కాశీకి పోతే మనకు బాగా ఇష్టమైన పండో కూరో గంగలో వదిలి రావాలి, ఇక జన్మలో ముట్టకూడదు. అందుకని అందరం ఒకటే పని చేస్తాం. మా పెద్దమ్మ గుమ్మడికాయ వదిలింది, అది తింటే ఆమెకు ఒళ్ళంతా దురద. నేను నీళ్ళలో నిలబడి, కళ్ళు మూసుకొని, గొంతు గద్గదం చేసుకొని, "కాకరకాయ స్వామీ," అన్నాను. నన్నడిగితే ఆ గంగ అడుగున ఇసుక లేదు, దేశమంతా వదిలేసిన కాకరకాయలే ఉన్నాయి. అక్కడి చేపలకు జన్మలో షుగరు రాదు.

ఆయన మాత్రం నడుంలోతు నీళ్ళలో చాలాసేపు నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి. బయటికి వచ్చాక అడిగాను.

"ఏం వదిలినావు?"

"నీకెందుకు?"

"చెప్తేనే గదా, ఇంట్లోకి తేకుండా ఉంటా."

"అది ఇంట్లోకి తెచ్చేది కాదులే," అన్నాడు.

తిరుగు బస్సులో నాకు హుషారు ఎక్కువైంది. గంగలో మునిగిన మా ఎలుగుబంటి ఏం వదిలి వచ్చిందో చెప్పబోయాను. ఆయన దిగ్గున లేచి, పోయి డ్రైవరు పక్కన నిలబడ్డాడు. బస్సు పడలేదేమో అనుకున్నాను. ఇంటికొచ్చాక కూడా అంతే. కథ ఎత్తుకుంటే చాలు, పెరట్లోకి పోతాడు. ఒకప్పుడు నా మాట బయటికి పోకుండా కాపలా కాసిన మనిషి, ఇప్పుడు నా మాట వినబడితే ఇల్లు దాటుతున్నాడు. కొన్నాళ్ళు చూసి, పళ్ళాలు తుడుస్తుండగా పట్టుకున్నాను.

"ఏందయ్యా, నా మీద ఏమన్నా కోపమా?"

"కోపమెందుకుంటది?"

"మరి నేను నోరు తెరిస్తే లేచి పోతాండావు?"

ఆయన పళ్ళెం తుడవడం ఆపలేదు. "కథలు వదిలేసినా," అన్నాడు.

"ఏంది?"

"కాశీలో. నీ కథలు. నీకు ఆపరేషన్ చేసేటప్పుడు మొక్కుకున్నా. నువ్వు లేచి తిరిగితే నాకు బాగా ఇష్టమైంది వదిలేస్తానని. ఇష్టమైందే వదలాలన్నారు గదా."

"ఓరి నా పిచ్చి మొగుడా! కాకరకాయ వదలాలయ్యా! ఊరంతా అదే వదులుతది!"

"నాకు కాకరకాయ ఇష్టం లేదు గదా," అన్నాడు.

నేను నవ్వాను. చాలాసేపు నవ్వాను. ఆయన పళ్ళెం బోర్లించి, తర్వాతి పళ్ళెం తీసుకున్నాడు. ఆ తీసుకోవడం చూసి నా నవ్వు ఆగిపోయింది.

దానికి ఆయన పెట్టుకున్న లెక్క చాలా సూటిగా ఉంది. ఉప్పు అయిపోయిందని చెబితే వింటాడు. కరెంటు బిల్లు వచ్చిందంటే వింటాడు. ఎవరికి పెళ్ళి, ఎవరికి జ్వరం, ఉన్నది ఉన్నట్టు చెబితే తప్పు లేదు. ఒక్క చిటికెడు కల్పించినా లేచిపోతాడు. పోతూ నా వైపు చూసేవాడు. సిగరెట్టు మానేసినవాడు పొగ వచ్చే వైపు చూసినట్టు.

నాకు కోల్పోయినవన్నీ తిరిగి వచ్చాయి. కుర్చీ ఆయనే మోసుకొచ్చి గల్లా దగ్గర వేశాడు. ఆడవాళ్ళను ఆయనే పిలిచి స్టూళ్ళు వేసేవాడు. "కూర్చోండమ్మా, చెప్తది," అని, తను వెనక తలుపు తీసుకొని వెళ్ళిపోయేవాడు. దుకాణం మళ్ళీ నవ్వులతో నిండింది. నేను చెబుతూ చెబుతూ వెనక తలుపు వంక చూసేదాన్ని. ఇన్నేళ్ళూ వదిలిపెట్టమని నేను బతిమాలుకున్న మనిషి, వదిలాడు. ఇప్పుడు వెంటపడడం నా వంతయింది.

ఏం చేయలేదు నేను? వంటింట్లో పప్పు రుబ్బుతూ, పప్పుకు చెబుతున్నట్టు చెప్పాను. ఆయన మిక్సీ కొనుక్కొచ్చాడు. పెరట్లోకి వినబడేట్టు ఆయన ఇష్టపడే కథ ఎత్తుకొని మధ్యలో ఆపాను. కొస అడగడానికి రాలేదు. నిద్రపోతున్నప్పుడు చెవి దగ్గర మెల్లగా మొదలుపెట్టాను. దుప్పటి తీసుకొని అరుగు మీదికి పోయాడు. చివరికి గుడికి పోయి పూజారిగారికి మొరపెట్టుకున్నాను. పూజారి జాలిపడి, తెలియక వదిలినదానికి పరిహారం ఉంది, పూజ చేయిస్తే దోషం పోతుందన్నాడు. పరుగెత్తుకొచ్చి చెప్పాను.

"స్వామి చెప్పినాడు. పూజ చేయిస్తే మళ్ళీ వినొచ్చంట."

"స్వామి చెప్తాడు. ఏమన్నా అయితే పోయేది స్వామి పెండ్లామా, నా పెండ్లామా?"

"నాకేం కాదయ్యా."

"నీకేం తెల్సు? నువ్వు లోపల పండుకోనుంటివి. తలుపు బయట నేనుంటి."

ఆయన మనసులో నా ప్రాణం ఒక త్రాసులో ఉంది, ఆ పక్క తట్టలో నా కథలు. ఇటు ఒకటి తీసుకుంటే అటు నేను పడిపోతాను. నేను ఎంత చెప్పినా ఆ త్రాసు కదల్లేదు. ఏళ్ళు అట్లాగే గడిచాయి. బయట నేను కథలు చెప్పే ఆడమనిషిని, లోపల ఉప్పూ పప్పూ చెప్పే ఆడమనిషిని.

ఆయనకు కిడ్నీలు పాడయ్యాయని తేలేసరికి కాళ్ళు ఉబ్బిపోయాయి. వారంలో కొన్ని రోజులు బస్సెక్కి బేస్తవారిపేట మీదుగా మార్కాపురం పోయి డయాలసిస్ చేయించుకోవాలి. పొద్దున పోతే తిరిగొచ్చేది సాయంత్రమే. చేతికి సూదులు గుచ్చి, గొట్టాలు పెట్టి, మిషను పక్కన పడుకోబెట్టేవాళ్ళు. కదలకూడదు. చేయి ఇటు అటు అయితే నర్సు కేకలేసేది.

మొదటిరోజే నాకు బుద్ధి పుట్టింది. ఇప్పుడెట్లా లేచిపోతాడు? ఎన్నేళ్ళ కథలు గొంతులో ఉన్నాయి. మంచం పక్కన కుర్చీ, నేను, గంటల తరబడి. పక్క మంచం మీద మా ఊరతను ఒకడు ఉన్నాడు, మా దుకాణంలో గుండిగలు బాడుగకు తీసుకున్నవాడే.

"అక్కా, ఒక కథ చెప్పుకా. పొద్దుపోక చస్తాండాం," అన్నాడు.

నేను ఇటు తిరిగి ఆయన ముఖం చూశాను. ఆయన సూదిలేని చేయి ఎత్తి చెవి మీద పెట్టుకున్నాడు. ఇంకో చెవికి చేయి లేదు. అది గొట్టాలతో మంచానికి ఉంది. ఆ రెండో చెవి దిండుకేసి నొక్కుకుంటున్నాడు, కళ్ళు గట్టిగా మూసుకొని. నా జీవితంలో నాకు ఆయన మీద అంత అధికారం ఎన్నడూ లేదు. గల్లా కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా.

"గొంతు బాగలేదబ్బీ," అన్నాను పక్క మంచం అతనితో.

ఆ తర్వాత కిటికీలోంచి చూడడం మొదలుపెట్టాను. ఆస్పత్రిలో మాది పై అంతస్తు. కిందనే రోడ్డు.

"బయట ఏముంది?" అని ఆయనే అడిగాడు ఒకరోజు.

"ఒక ముసలామె సొరకాయ పట్టుకొని ఆటో కోసం నిలబడింది."

"పెద్దదా?"

నా నాలుక కొసకు వచ్చిన సొరకాయ పొడవు చెబితే ఆటో చాలదు, లారీ కావాలి. మింగేశాను.

"మామూలుగా ఉంది."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఆటో వచ్చింది, ఎక్కింది."

"నిజమే గదా?"

"నిజమే."

ఆయన కళ్ళు మూసుకొని, ఆ మామూలు సొరకాయను చాలాసేపు చూశాడు. నాకు తెలుసు, చూశాడు. ఆ రోజునుంచి అదే మా పని. పళ్ళబండివాడు కుక్కను అదిలించాడు. స్కూలు పిల్లలిద్దరు ఒకే గొడుగులో పోతున్నారు, గొడుగు పట్టుకున్నది ఒకమ్మాయి, తడిసేది రెండో అమ్మాయి. నేను చెప్పడం, ఆయన "నిజమే గదా?" అనడం, నేను ఒట్టేయడం. నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నేర్చుకున్నది ఆ కిటికీ దగ్గర, తల నెరిశాక. అది కథ కంటే కష్టం. కథలో ఏది తక్కువైతే అది మనం వేసుకోవచ్చు. కానీ ఆయన ముఖంలో పాత వెలుగు మెల్లమెల్లగా తిరిగొస్తుంటే, ఇంకేమీ కలపబుద్ధి కాలేదు.

చలికాలం. ఒక పొద్దున కిందికి చూస్తే మోపెడ్ మీద ఒక ముసలాయన పోతున్నాడు. ముందు కాళ్ళ దగ్గర, పసిపిల్లను నిలబెట్టుకున్నట్టు, ఒక ఆవుదూడ. దూడ తలకు మంకీ క్యాపు. చక్కగా గడ్డం కిందికి లాగి, ముఖం మాత్రం బయటికి వచ్చేట్టు తొడిగాడు. అది ముందుకు చూస్తూ పోతోంది, ఊరికి కొత్తగా వచ్చిన ఆఫీసరులాగా.

"అయ్యో, ఇదో, ఇటు చూడు!" అన్నాను. ఆయన చూడలేడు కదా. "దూడ పోతాందయ్యా బండి మీద! మంకీ క్యాపు పెట్టుకోనుంది!"

ఆయన ముఖంలో వెలుగు ఆరిపోయింది.

"వద్దు," అన్నాడు.

"ఒట్టు! నా మీద ఒట్టు! నిజంగా పోతాంది!"

"నీ మీద ఒట్టేసుకోవద్దు!" అని అరిచాడు. మిషను కూత పెట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, నువ్వన్నా చెప్పమ్మా, దూడను చూసినావా?" అని ఆమె చేయి పట్టుకున్నాను. "ఏ దూడమ్మా? పేషంటును కదిలించొద్దండి," అంది. మళ్ళీ కిటికీ దగ్గరికి పోయేసరికి బండి మలుపు తిరిగిపోయింది. పక్క మంచం అతను నిద్రలో ఉన్నాడు. ఆ దూడకు ఈ లోకంలో నేను తప్ప సాక్షి లేదు. నా సాక్ష్యం విలువ ఎంతో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

తిరుగు బస్సులో నా ముఖమే చూస్తూ కూర్చున్నాడు. "తల ఏమన్నా తిరుగుతాందా?" అన్నాడు. "కడుపులో నొప్పేమన్నా ఉందా, పాతచోట?" లేదన్నాను. ఊళ్ళో దిగగానే, తన కాళ్ళు ఉబ్బి నడవలేకపోతున్నవాడు, నన్ను ఆర్ఎంపీ దగ్గరికి తీసుకుపోయి బీపీ చూపించాడు. ఇంట్లో నేను కునుకు తీస్తే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు.

"నిజంగా చూసినానయ్యా. ఉన్నదే చెప్పినా."

"నాకు తెలీదా నీ గొంతు? ఉన్నది చెప్పేటప్పుడు నీ గొంతు అట్ల లేవదు." ఆయన గొంతులో కోపం లేదు. "నీ తప్పు లేదు. నా మీద జాలితో చెప్పినావు. నేను విన్నా. అంతా విన్నా, ఆపుకోలేకపోయినా. బాగుండె. అదే తప్పు."

ఆ తర్వాత నన్ను మార్కాపురం రానివ్వలేదు. "నువ్వొస్తే నోరు ఊరుకోదు, నాకు చెవి ఊరుకోదు," అన్నాడు. ఏడ్చాను, తిట్టాను, బస్టాండు దాకా వెంటపడి పోయాను. బస్సు మెట్టు మీద నిలబడి చేతులు జోడించాడు. అందరూ చూస్తున్నారు. నేను ఆగిపోయాను. మా వీధిలో ఆటో నడిపే అతన్ని తోడు మాట్లాడుకొని, వాళ్ళిద్దరే పోయి వచ్చేవాళ్ళు. కిటికీ పక్క కుర్చీలో అతను ఫోను చూసుకుంటూ కూర్చునేవాడట.

అట్లా పోయినరోజుల్లో ఒకరోజు బీపీ పడిపోయి, మంచం మీదే పోయాడు. నేనప్పుడు దుకాణంలో ఎవరికో గంగాళం కొలత చూపిస్తున్నాను. ఆటో అతను ఫోను చేసి చెప్పాడు.

తర్వాత, అంతా అయ్యాక, అతణ్ణి కూర్చోబెట్టి అడిగాను. ఏమన్నా అన్నాడా అని.

"ఏమీ లేదక్కా. పొద్దున బస్సులో అడిగినాడు. మీ అక్క నిన్న సరిగ్గా తినిందంటనా, మీ ఇంట్లోవాళ్ళెవరన్నా చూసినారా అని. బాగానే తినిందన్నా అని చెప్పినా. అయితే సరే అన్నాడు."

ఆయన దినానికి మా గుండిగలే, మా గంగాళాలే. మా నాయన దినం తర్వాత, బాడుగ లేకుండా వాటిలో వండిన వంట అదే.

దుకాణం మళ్ళీ తీశాను. మొన్న ఒక మధ్యాహ్నం, పెళ్ళికి తీసుకుపోయిన గుండిగలు తిరిగివ్వడానికి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. కూర్చున్నారు. "అక్కా, నీ నోట ఒక మాట విని ఎన్నాళ్ళయింది. ఏదన్నా చెప్పుకా," అన్నారు. నాకు ఎలుగుబంటి రాలేదు, సొరంగం రాలేదు. నోరు తెరిస్తే దూడ వచ్చింది. మార్కాపురంలో, చలికాలం పొద్దున, మోపెడ్ మీద ఒక ముసలాయన, ముందు నిలబడిన దూడ, దాని మంకీ క్యాపు. అంతే చెప్పాను. ఒక్క మాట కలపలేదు.

వాళ్ళు విరగబడి నవ్వారు.

"నిజం. నా కళ్ళతో చూసినా," అన్నాను.

"నిజమంటది మళ్ళీ!" అని ఒకామె నా భుజం మీద చరిచి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నీ కథలన్నిట్లో ఇదే బాగుందక్కా. ఇంతకీ క్యాపు ఏ రంగు?"

ఆయన ఆ మాట అడగలేదు.

"ఊదా రంగు," అన్నాను. "ఒక చెవి దగ్గర చిరిగుంది."

మళ్ళీ నవ్వారు. అదీ నిజమే.